ముక్కుకు తెలియని సగటు

ఆ రోజు నేను గాలి గురించి ఒకే ఒక్క నిజం చెప్పి, ఒక ముసలామెను దాదాపు వీధిన పడేశాను. తప్పు నాదే. నవ్వుకోండి, ఫరవాలేదు.

డెబ్బైల నాటి మాట. విజయవాడ వన్ టౌన్‌లో మేడ మీద గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. పగలు కాలేజీలో పాఠాలు, సాయంత్రం పరిశోధన. గొట్టంలోంచి వచ్చిన పొగ గాలి సుడుల్లో ఎలా చెదిరిపోతుందో లెక్కగట్టడం నా పని. ఆ పొగ తప్ప ఊళ్లో నాకు వేరే స్నేహితులు లేరు. ఆదివారాలైతే సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఇల్లుగల మామ్మగారి షరతు ఒక్కటే: ఇంట్లో నీచు వండకూడదు. వెనక వాటాలో ఉండే ఆస్పత్రి ఆయా మరియమ్మ కూడా ఆ మాట ఇచ్చే చేరింది.

ఒక ఆదివారం, దివిసీమ నుంచి మా అమ్మ పంపిన ఎండు మెత్తళ్ల చేపల పొట్లం అందింది. విప్పగానే మా వంటిల్లు, మావాళ్ల కబుర్లు అన్నీ గదిలోకి వచ్చేశాయి. ఇంకెవరైనా అయితే పొట్లం మళ్లీ కట్టేసేవారు. నేను కాగితం తీశాను. కిరసనాయిలు స్టవ్వును ఫ్యాక్టరీ గొట్టం అనుకుని, మామ్మగారి వరండాకు ఎంత వాసన చేరుతుందో లెక్కగట్టాను. సగటున మనిషి ముక్కు పసిగట్టలేనంత. మహా ధైర్యంగా మూకుడు పెట్టాను.

గాలి వాసనను అందరికీ సమంగా పంచిపెట్టదు. కాసేపు ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఒక పాయ చెదరకుండా, పెళ్లివారి బస్సులా, నేరుగా వచ్చి గుమ్మంలో దిగుతుంది. గంటసేపటి సగటులో అది కనబడకుండా పోతుంది. మామ్మగారు సగటు తీయలేదు. ఒక్కసారి పీల్చారు.

మూకుడు మంచం కిందికి తోసి నేను దిగేసరికి ఆవిడ మరియమ్మను నిలదీస్తున్నారు. మాట తప్పావు, సామాను సర్దుకో అంటున్నారు. పొయ్యే వెలిగించలేదమ్మా, ఈ వయసులో ఎక్కడికి పోను అని మరియమ్మ మొత్తుకుంటోంది.

మామ్మగారు నావైపు తిరిగారు. "మాస్టారూ, మీరు గాలి చదువు చదువుతున్నారు గదా. ఎటునుంచి వచ్చిందంటారు?"

"గాలి పడమటి నుంచి వీస్తోందండీ."

మరియమ్మ వాటా పడమటే. నా గది సరిగ్గా ఆ వాటా నెత్తిమీద. ఆ రెండో ముక్క మింగేశాను. మరియమ్మ నావంక ఒకసారి చూసి, లోపలికెళ్లి ట్రంకుపెట్టె ఈడ్చింది.

ఆ చప్పుడు వింటూ పైన కూర్చున్నాను. మంచం కింది మూకుడు బయటికి లాగాను. చివరికి మూకుడుతో సహా కిందికి దిగాను.

"మామ్మగారూ, ఆ వాసన నాదండీ. నిజానికి సగటున ఏమీ రాకూడదు..."

"వచ్చిందిగా," అన్నారావిడ. నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. మరియమ్మను ఉండమన్నారు.

క్షమించమని అడగడానికి వెనక వాటాకు వెళ్లాను. మరియమ్మ పెట్టెలో సర్దిన సామాను మళ్లీ బయటికి తీస్తూనే అంది: "ఒక్కరే తిందామనుకున్నారా మాస్టారూ? ఇక్కడికొచ్చాక చేప మొహం ఎరగను. నాలుగు మెత్తళ్లు నాకూ పెట్టుంటే నేనే వండానని ఒప్పేసుకునేదాన్ని గదా."

కొత్త గదిలో దిగిన మొదటి ఆదివారమే ఆవిణ్ణి భోజనానికి పిలిచాను. కిటికీలన్నీ బార్లా తెరిచి మెత్తళ్లు వేయించాను. ఆవిడ మారు వడ్డించుకుంటుండగా, గరిటె చేతబట్టి శపథం చేశాను: ఇక జన్మలో ఎండుచేప ఒంటరిగా తినను. గాలి ఎటు వీస్తోందని ఎవరడిగినా, ముందు నా పొయ్యి ఎక్కడుందో చెబుతాను.