మిద్దె తలుపుకు బీగం

ఎనభై ఆరులో కొర్లగుంటలో ఎనిమిది ఫ్లాట్ల మేడ లేచినప్పుడు తిరుపతి సగం దాన్ని చూడ్డానికి వచ్చింది. మిగతా సగం కొండ మీద నుంచే చూసింది. నేను పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ణే గానీ, ఆ మేడ తగాదా మీద ఏ వకీలుకైనా పాఠం చెప్పగలను.

పై అంతస్తులో ఉండే పంకజాక్షికి మొగుడు పోయాడు. ఆయన బతికుండగా ఆమె పేర కొన్న ఫ్లాటులోనే అప్పడాలు ఒత్తి ఇద్దరాడపిల్లల్ని చదివిస్తోంది. ఆమె అప్పడం వేయిస్తే ఆ వాసనకు వడమాలపేటలో బస్సు ఆగేది. నమ్మకపోతే మీ ఖర్మ. అప్పడాలకు ఎండ కావాలి, ఎండకు మిద్దె కావాలి. ఒక గురువారం తడి అప్పడాల తట్టతో మెట్లెక్కితే, మిద్దె తలుపుకు బీగం!

బీగం వేయించినవాడు ఫ్లాట్ల సంఘం అధ్యక్షుడు రాజారత్నం, సర్కారు గుమాస్తా. బావమరిది అక్కడ యాత్రికులకు గదులు కట్టుకుంటాడట, కమిటీ తీర్మానం కూడా అయిపోయిందట. అందరి నెత్తిమీది కప్పును బావమరిదికి ధారపోయడానికి వీడెవడండీ?

ఆదివారం పంకజాక్షి మీటింగుకు వెళ్ళింది. ఏడుగురు మగవాళ్ళు కాఫీ తాగుతున్నారు.

"ఆడోళ్ళకు ఈడేం పనమ్మా? మీ అన్నను పంపీ," అన్నాడు రాజారత్నం.

"మా అన్నకు ఈడ ఫ్లాటుండాదా?"

"ఓనర్లం మాట్లాడుకుంటా ఉండాము. అడ్డం రావాకు."

"ఓనరైతే నీ దస్తావేజు సూపించన్నా. నాది తెచ్చినాను. మిద్దె ఎనిమిది మందికీ ఉమ్మడని రాసుండాది. ఒక్కరు కాదన్నా ఇచ్చేదానికి లేదు."

రాజారత్నం దస్తావేజు ఎక్కణ్ణించి తెస్తాడు? ఏడుగురూ సర్కారు కొలువుల వాళ్ళే. తమ పేర కొంటే పైఅధికారికి సంజాయిషీ రాయాల్సి వస్తుందని, అందరూ ఒకే తెలివి చూపించి పెళ్ళాల పేర రిజిస్టరు చేయించారు. రెండేళ్ళుగా మీసాలు దువ్వి తీర్మానాలు చేసిన ఆ కమిటీలో జానెడు గచ్చు సొంతమైనవాడు ఒక్కడు లేడు!

పంకజాక్షి అప్పటికప్పుడు గడపగడపా తొక్కి ఏడుగురాడవాళ్ళనూ పిలుచుకొచ్చింది. రాజారత్నం భార్య ఆనందమ్మ చివర వచ్చింది. ఆయన ముఖం వికసించింది. ఎంతైనా గదులు కట్టేది ఆమె తమ్ముడే కదా.

"సెప్పు ఆనందా, మీ తమ్ముడికే గదా ఇచ్చేది."

"ఇచ్చేముందు నన్నడిగినావా? ఉండే బోరు మన బిందెలకే సాలదు. యాత్రికుల స్నానాలకు నీళ్ళు యాడ్నించి తెస్తాడు? మా నాయనొచ్చి అడిగినా నేను ఒప్పేది లేదు."

"నేను అధ్యక్షుణ్ణి!"

"అవునులే. ఓనరివి కాదుగదా. బీగంచెవి ఇట్లియ్యి."

ఎనిమిది సంతకాలతో పాత తీర్మానం రద్దయింది, తలుపు తెరుచుకుంది. కానీ నాలుగు రోజులు ఎండ తగలక పంకజాక్షి తట్టెడు అప్పడాలు బూజు పట్టాయి. కాఫీ తాగిన ఆ ఏడుగురిలో ఒక్కడైనా "తప్పయింది తల్లీ" అన్నాడా? అనలేదు. ఆమె వాటిని చెత్తకుండీలో కుమ్మరించి, కొత్త పిండి కలపడానికి కూర్చుంది.