వసంత నేర్పిన పని

గద్వాలలో పీజీ కాలేజీ ప్రహరీ వెనక రేకుల గది దొరికిన రోజున వసంత, ఆమె భర్త యేసుబాబు మురిసిపోయారు. గేటుకు ఐదు నిమిషాల నడక. పైగా గది యజమాని మహిపాల్ కిరాయి కూడా వద్దన్నాడు.

"కిరాయి ఎందుకమ్మా, మీరేమన్న పరాయోళ్లా? సీజన్ల మా సీడు పత్తికి క్రాసింగ్ చేసిపెట్టు, సాలు" అన్నాడు. అంత మంచివాడు. గద్వాల చుట్టుపక్కల ఇట్లాంటి మంచివాళ్లకు కొదవ లేదు.

సీడు పత్తి అంటే విత్తనం కోసం వేసే పత్తి. సాయంత్రం పూట ఆడచెట్టుగా ఎంచుకున్న మొక్క మొగ్గను బొటనవేలి గోరుతో గిల్లి, రేకులూ లోపలి పుప్పొడీ ఒలిచేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తొడగాలి. మర్నాడు పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఆ పూట తప్పిందంటే మొగ్గ దండగే. చెయ్యి మొరటుదైనా దండగే, కాయ నిలవదు. అందుకే ఈ పనికి ఆడవాళ్లు కావాలి, వాళ్లకంటే ముందు పిల్లలు కావాలి. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, వాళ్లు నడుం వంచక్కర్లేదు, ఎదురు మాట్లాడరు.

ఈ సంగతులు వసంతకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమెది రాజోలి. ఎనిమిదో ఏట తల్లి ఈరమ్మ వెంట పత్తి సాలులోకి దిగి, పదకొండో ఏటి దాకా అందులోనే ఉంది. బడి మానేసిన పిల్లలకని పెట్టిన హాస్టల్లో ఎవరో పుణ్యాత్ములు చేర్పిస్తే, చదువును రెండు చేతులా పట్టుకుంది. డిగ్రీ అయింది, పెళ్లయింది, బిడ్డ పుట్టింది. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్లకు ఎమ్మెస్సీ బోటనీ రెండో ఏడు. బిడ్డ పుట్టిన రోజే ప్రార్థన చేసుకుని ఒట్టు పెట్టుకుంది, ఈ పిల్ల పత్తి సాలులో కాలు పెట్టదని. ఆ బిడ్డే శిల్ప, ఏడేళ్లది, రెండో తరగతి. వాళ్లమ్మలాగే నోట్లో నాలుక లేని పిల్ల.

పొద్దున పదకొండు దాకా పువ్వులు రుద్ది, తొలి క్లాసు పోగొట్టుకుని పరుగు పరుగున కాలేజీకి, కాలేజీ నుంచి మళ్లీ మొగ్గలు గిల్లడానికి. నెల రోజులు అట్లాగే లాక్కొచ్చింది. అంతలో ప్రాక్టికల్ పరీక్ష తేదీ వచ్చిపడింది. పొద్దున తొమ్మిదిన్నరకు. రాయకపోతే ఏడాది పోయినట్టే.

"ఒక్క పూట సారూ" అని మహిపాల్‌ను అడిగింది.

అతను కోప్పడలేదు. కోప్పడే రకం కాదు. "నేనొద్దంటనా అమ్మా? సదువుకునేటోళ్లంటె నాకు మస్తు ఇష్టం. కాని మొగ్గకు తెల్వదు కద నీకు పరీక్ష ఉన్నదని. నీ బదులు ఎవర్నన్న నిలబెట్టు. లేకపోతె గది ఇంకొకరికి ఇయ్యాల్సొస్తది. చేసేటోళ్లు శానామంది అడుగుతున్నరు."

ఆ రోజుల్లో క్రాసింగ్ తెలిసిన ఒక్క చెయ్యి కూడా ఖాళీగా ఉండదు. ఇద్దరు ముగ్గుర్ని అడిగింది, నవ్వి ఊరుకున్నారు. యేసుబాబు మార్కెట్ యార్డులో హమాలీ. నేను పోత అని బయల్దేరి, మహిపాల్ చేల్లో పది మొగ్గలు పట్టుకుని పదీ విరిచి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఒక్క పూటనే కద" అన్నాడు చివరికి, భార్య మొహం చూడకుండా. "శిల్పను పంపుదమా?"

వసంత మండిపడాల్సింది. చేతిలో ఉన్న చెంబు విసిరికొట్టాల్సింది. అవేమీ చేయలేదు. ఆ మాట తన నోటి నుంచి రానందుకు ఆమె మనసు కొంచెం తేలికపడింది. అంత నీచంగా ఉంటుంది మనిషి మనసు ఒక్కోసారి.

ఆ సాయంత్రమే బిడ్డను సాలులోకి తీసుకుపోయి తనే నేర్పింది. తల్లి ఈరమ్మ తనకు నేర్పినట్టే, వెనక నిలబడి, పొద్దుటి వాడిన పువ్వొకటి పట్టించి, చిన్న వేళ్ల మీద తన వేళ్లు పెట్టి. "గట్ల పిసకొద్దు బిడ్డా. మెల్లగ. జర ముట్టిచ్చి ఇడిసిపెట్టు." శిల్ప చప్పున పట్టేసింది.

మర్నాడు ప్రయోగశాలలో వసంతకు వచ్చింది సంకరణ ప్రశ్న, అంటే ఈ క్రాసింగే. ముందు మందార మొగ్గ, పక్కన ఫోర్సెప్స్. ఆ ఫోర్సెప్స్ ఆమె ముట్టనే లేదు. బొటనవేలి గోరుతో ఒక్క తిప్పు తిప్పింది, రేకులూ పుప్పొడీ ఊడి వచ్చాయి, కీలానికి గీత కూడా పడలేదు. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి మేడం మాత్రం వంగి చూసింది.

"ఎంత చక్కని చెయ్యమ్మా నీది! చిన్నప్పటి నుంచి చేస్తే తప్ప ఈ పనితనం రాదు" అంది.

గది మొత్తంలో వసంతకే ఎక్కువ మార్కులు పడ్డాయని అటెండరు చెప్పాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఎండలో చేను దాకా పరుగెత్తింది.

గట్టు మీద మహిపాల్ కూర్చుని ఉన్నాడు. పక్కన శిల్ప బిస్కెట్ తింటోంది. మొహం ఎర్రగా కందిపోయింది, వేళ్లు పుప్పొడితో పసుపుబారాయి.

"అమ్మా, నేను నాలుగు సాళ్లు చేసిన" అంది పిల్ల గొప్పగా.

"నీకంటె మంచిగ చేసింది" అన్నాడు మహిపాల్. "గసొంటి చెయ్యి నేను సూడలే. ఒక పని చెయ్, వసంతా. పువ్వు పని ఇంకో నెల ఉన్నది. రెండు పూటలా పిల్లనే పంపు. నువ్వు నిమ్మళంగ కాలేజీకి పో. సదువు అయ్యేదాక గది మీదే, నాది మాట."

చదువు అయ్యేదాకా. వసంత నోరు తెరిచింది. కాదు అనడానికే తెరిచింది, ఆ మేరకు ఆమెను నమ్మాలి.

"బడిల ఏం చెప్పాలె సారూ?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే బడికి పోయి, పిల్లను రాజోలిలో అమ్మమ్మ దగ్గరికి పంపినమని టీచరుకు చెప్పింది. అమ్మమ్మకు బాగా లేదంది. ఎన్నాళ్లకు వస్తుందంటే నెల అంది.

"మీరు చదువుకున్నవాళ్లు, మీకు చెప్పే పని లేదు. పాఠాలు ఇంట్లో చెప్పించండి" అంది టీచరు మర్యాదగా.

చెప్పిస్తానంది వసంత. అబద్ధమాడినందుకు కాదు, అంత తేలిగ్గా ఆడగలిగినందుకు ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నడిచి, ఆ నెలలో మొదటిసారిగా, తొలి క్లాసుకు వేళకు చేరుకుంది.