సముద్రం ఎత్తు

మ్యూజియంలో పై అంతస్తు హాలు మూసేస్తున్న సంగతి పెయింటరుకి భార్య చెబితేనే తెలిసింది. ఆమె అక్కడే కింది హాల్లో అటెండరు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, కూర ఏం చేయమంటారని అడిగినంత మామూలుగా చెప్పింది. నెలాఖరుకి పైనున్నవన్నీ తీసేస్తారట, కింద కొత్త హాలు సిద్ధమవుతోందట.

ఆయన కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. "సముద్రం కూడానా?" అన్నాడు.

"గోడ మీద వేసినదాన్ని ఎలా దింపుతారు? పగలగొట్టడమే."

ఆ సముద్రం ఆయన గీసిందే. పై హాల్లో గోడ పొడవునా గూళ్లలాంటి చిన్న గదులున్నాయి. ప్రతి గూటిలో ముందువైపు గడ్డి కూరిన పక్షులో జంతువులో ఉంటాయి. వాటి వెనక వంపు తిరిగిన గోడ మీద అవి తిరిగిన అడవి, కొండ, ఏరు రంగుల్లో కనిపిస్తాయి. ముందు అద్దం. హాలు చివర్న ఉన్న గూడు సముద్రం.

వంపు గోడ మీద వేయడం కాగితం మీద వేసినట్టు కాదు. చూసేవాడి కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో ముందే తేల్చుకోవాలి. నీరూ ఆకాశమూ కలిసే గీత సరిగ్గా ఆ ఎత్తున పడితేనే గోడ మాయమై దూరం కనిపిస్తుంది. ఆయన నిలబడి, తన కన్నునే కొలతగా పెట్టుకున్నాడు. వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా అద్దం పైన చెక్క పట్టీ కట్టించి, దాని వెనక బల్బులు దాచాడు. కొలత బాగా కుదిరిందని మిగతా గూళ్లకీ అదే వాడారు.

సముద్రం కొత్తగా తెరిచిన రోజుల్లో ఒక తండ్రి, నడవలేని కూతుర్ని మెట్ల మీదుగా ఎత్తుకొచ్చి దాని ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ పిల్ల కాసేపు చూసి, బల్బులు కనిపిస్తున్నాయి అంది. మీ నాన్న ఎత్తుకుంటాడులేమ్మా అని నవ్వేసి, పెయింటరు బ్రష్షులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

రిటైరయ్యాక, బయట ఎవరిదో గోడకి రంగులేస్తూ పరంజా మీంచి పడ్డాడు. నడుం కింద నుంచి కదలిక పోయింది. ఆ తర్వాత పై హాలు చూసింది లేదు. లిఫ్టు పెట్టమని ఎవరెవరో అడిగారు. పాత కట్టడం, గోడలు కదిలిస్తే కూలుతుందన్నారు. వీధి గుమ్మం దగ్గర మాత్రం వాలుదారి కట్టి, మెట్ల మొదట్లో ఒక టీవీ పెట్టారు. ఎక్కలేనివాళ్లు పై హాలుని అందులో చూసుకోవచ్చు. దాని మీద దుమ్ము తుడిచేది ఆయన భార్యే.

పగలగొట్టేలోగా ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. అయితే, మనుషులు మోస్తే ఎక్కనన్నది ఆయన పంతం.

"నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది. ముందే ఎందుకు?"

"ఆ రోజు మీకేమీ కనిపించదుగా," అంది ఆమె.

ఆయన ఒప్పుకున్నాడు. మర్నాడు ఆమె మ్యూజియం అధికారిని అడిగింది. సెలవు రోజు, బయటివాళ్లు ఎవరూ లేనప్పుడైతే సరేనన్నాడు.

మోయడానికి వాచ్‌మన్, తోటమాలి, ఎలక్ట్రీషియన్ వచ్చారు. నాలుగోవాడు వడ్రంగి. ఆ గూళ్లకి చెక్కపని చేసినవాడు, ఇప్పుడు కొత్త హాలు పని కూడా అతనిదే. కుర్చీని వెనక్కి వంచి మెట్లెక్కించారు. దారి పొడవునా పెయింటరుకి కనిపించింది పైకప్పు ఒక్కటే. మలుపు దగ్గర దించి ఊపిరి పీల్చుకుంటూ వాచ్‌మన్, "వదినా, అన్నయ్యకి కాస్త అన్నం తగ్గించు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కుర్చీ చేతుల్ని వదలలేదు.

పై హాలు అప్పటికే సగం ఖాళీ. పక్షుల్ని అట్టపెట్టెల్లోకి సర్దేశారు. భార్య కుర్చీని తోసుకుంటూ చివరికి తీసుకెళ్లింది. ఎలక్ట్రీషియన్ స్విచ్చి వేశాడు.

ఆయన చూశాడు. చెక్క పట్టీ వెనక తుప్పు పట్టిన రేకు కనిపించింది. వేలాడే వైర్లు, వరసగా బల్బులు కనిపించాయి. ఆకాశం అయిపోయిన చోట, ఎవరు చూస్తార్లే అని రంగు వేయకుండా వదిలేసిన సున్నం కనిపించింది. సముద్రం మాత్రం కనిపించలేదు. అద్దం కింది చట్రానికి పైన నీలంగా ఒక పీలిక మాత్రమే ఉంది.

"కనిపిస్తోందా?" అంది భార్య.

"బల్బులు కనిపిస్తున్నాయి."

ఆమె చట్రం వైపు, ఆయన తల వైపు చూసింది. విషయం వడ్రంగికి అర్థమైంది. మిగతా ముగ్గురినీ పిలిచాడు. తలో మూలా పట్టుకుని కుర్చీని తమ నడుం దాకా లేపారు. చట్రం కిందికి జారింది, బల్బులు పట్టీ వెనక్కి పోయాయి, గీత వచ్చి ఆయన కంటి ఎదుట నిలిచింది. పక్షులు లేని ఇసుక, దాని అవతల నీళ్లు, ఇంకా అవతల ఏమీ లేదు. గోడ లేదు.

తోటమాలి పట్టు సడలింది. కుర్చీ ఓ పక్కకి ఒరిగింది.

"చాలు. దించండి," అన్నాడాయన.

దిగేటప్పుడు మలుపు దగ్గర మళ్లీ ఆగారు. ఆయన వడ్రంగిని అడిగాడు. "కొత్త హాల్లో అద్దాలు ఎంత ఎత్తున పెడుతున్నావు?"

"మీ కొలతే అన్నయ్యా. అందరూ మెచ్చుకున్న కొలత కదా, పాతవాటి నుంచే తీసుకున్నా."

"తగ్గించు."

వడ్రంగి తల గోక్కున్నాడు. చట్రాలన్నీ బిగించేశానన్నాడు, ప్లాను మీద సంతకాలు కూడా అయిపోయాయన్నాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేదని కూడా అన్నాడు, తప్పు పట్టే గొంతుతో కాదు.

భార్య మర్నాడు అధికారికి చెప్పి చూసింది. మంచి సూచనే, మళ్లీ కట్టేటప్పుడు చూద్దామన్నాడు.

కొత్త హాలు తెరిచారు. మెట్లు లేవు, తలుపులు వెడల్పు. చక్రాల కుర్చీ ఎవరి సాయమూ లేకుండా అద్దం దాకా వెళుతుంది. ప్రారంభానికి పెయింటరుని కూడా పిలిచారు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు.

ఆమె డ్యూటీ ఇప్పుడు అక్కడే. కూర్చుని చూసేవాళ్లు ఎవరైనా వస్తే, కళ్లలో పడకుండా ముందు వరస బల్బులు ఆర్పేస్తుంది. అలా ఆర్పొద్దని అధికారి ఒకసారి మందలించాడు. స్విచ్చి లూజుగా ఉందని చెప్పింది.

సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతుంటే ఆయన కిటికీ దగ్గర నుంచే అడుగుతాడు, ఇవాళ కుర్చీలో ఎవరైనా వచ్చారా అని. వచ్చారంటే, ఏం కనిపించిందన్నారు అని.

"చీకటిగా ఉందన్నారు," అని చెప్పి ఆమె వంటింట్లోకి వెళుతుంది.