పున్నమ్మ అరుగు

మా అత్త పున్నమ్మ నోరు మంచిది కాదని హంసలదీవి దాకా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. ఆ నోరే లేకపోతే మా పేట గండి ఈనాటికీ పూడేది కాదు.

డెబ్బై ఏడు ఉప్పెనలో మా గుడిసెలన్నీ పోయాయి. కరకట్టకి గండి పడి, ఆ గండిలోంచే నీళ్లు మావయ్యని లాక్కుపోయాయి. ఏడాది తిరిగాక కాలనీలో పక్కా ఇళ్లిచ్చారు. అందరం మురిసిపోయాం. అత్త మాత్రం గుమ్మంలో నిలబడి, "అరుగేదే?" అంది.

"ఇల్లిచ్చారు చాలదా, అరుగు కూడానా?" అన్నాను.

"మనిషొస్తే ఎక్కడ కూర్చోబెడతావే మరి?"

అదేం మాటో ఓట్ల రోజులొచ్చాక తెలిసింది. పాత గుడిసెలప్పుడు ఓట్లకి ఎవరొచ్చినా అరుగు మీదే కూర్చునేవారు. చుట్టూ పేటంతా చేరేది, ఆయనేమన్నా అందరికీ వినపడేది. ఈసారి ఓట్లకి నిలబడ్డ కొండలరావుగారు ఒక్కో ఇంట్లోకీ వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఒకరికి వల ఇప్పిస్తానన్నారు, ఇంకొకరికి పడవ. ఎవరికి వాళ్లు నోట్లో బెల్లమ్ముక్క పెట్టుకున్నట్టు ఊరుకున్నారు. గండి పూడ్చమని అడిగినవాడు లేడు.

అత్తకి ఒళ్లు మండిపోయింది. మర్నాడే కాలవగట్టు నించి మట్టి మోసుకొచ్చి, ఊక కలిపి తొక్కి, గోడకానించి అరుగేసింది. పక్కింటి కోటిలింగం నవ్వాడు.

"పట్టుచీరకి గోనెగుడ్డ అతుకేంటి పిన్నీ?"

"నవ్వింది చాలు. తట్ట పట్టు."

పట్టాడు. అరుగు వాళ్ల గోడ దాకా పాకింది. వాళ్లని చూసి అవతలివాళ్లూ కలిపారు. చివరికి వీధి పొడుగునా ఒకటే అరుగైంది.

కొండలరావుగారు మళ్లీ వచ్చారు. "లోపల కూర్చుని మాట్లాడుకుందాం పున్నమ్మా" అన్నారు.

"లోపలంతా ఎండుచేపల కంపండీ. ఇక్కడ కూర్చోండి."

కూర్చోక ఏం చేస్తారు? పేటంతా అరుగు మీదకి చేరింది.

"మా అబ్బాయికి వల ఇప్పిస్తానన్నారు. కోటిలింగానికీ అదే వలంటగా?" అంది అత్త.

"నాకు పడవన్నారు" అని ఆ చివర్నించి ఒకరు, "నాకూ అంతే" అని ఇంకొకరు. ఆయన కండువాతో మెడ తుడుచుకున్నారు.

"వలలొద్దు, పడవలొద్దండీ. గండి ఎప్పుడు పూడుస్తారో అందరూ వినేట్టు చెప్పండి."

"వేసవిలో" అన్నారాయన.

ఆయన గెలిచారు. వేసవొచ్చింది, మట్టి రాలేదు. పేటంతా కట్టగట్టుకుని వెళ్లి ఆయన గుమ్మం ముందు కూర్చుంది. నేనలా అనలేదు, నీకు చెప్పలేదు అనడానికి ఆయనకి లేదు, అందరం విన్నవాళ్లమే. మట్టి వచ్చింది.

గండి పూడిన రోజు అత్త ఆ కొత్త మట్టి మీద చతికిలబడింది. ఉప్పెననాడు కూడా కంట తడి పెట్టని మనిషి బావురుమంది. పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఈవిడకి కోడల్నయ్యాను కదా అని నా గుండె పొంగింది.

"ఇది అప్పుడే గట్టిగా ఉంటే మీ మావయ్య ఇంటికొచ్చేవాడే గంగా" అంది.