మా బావకు శత్రువు కావలెను

లోకంలో ఒకరికి ఆరోగ్యం లోటు, ఒకరికి సంతానం లోటు, చాలామందికి బుద్ధి లోటు. మా చెల్లెలి మొగుడికి మాత్రం శత్రువు లోటు. ఏదో మాటవరసకి అంటున్నది కాదు. కాళ్ళరిగేలా తిరిగి వెతుక్కునేంత లోటు. ఆయనది సెలూన్. కుర్చీలో కూర్చున్న మనిషి గడ్డానికి సబ్బు నురగ దట్టంగా పట్టించి, కత్తి గొంతు దగ్గరికి తెచ్చి, పసిపిల్లని జోకొట్టే గొంతుతో, "మీరేమీ అనుకోకపోతే, నాకు శత్రువుగా ఉంటారా?" అని అడిగేవాడు. మెడ కదిపే వీలులేని ఆ మనిషి గుడ్లు తేలేసి, కళ్ళతోనే "వద్దు బాబోయ్" అని మొత్తుకునేవాడు.

నా సంగతి అలా కాదు. ఊరి బడిలో ఐదో తరగతి చదివి, పరాయి కొట్లో బస్తాలు మోసి, తర్వాత అవే బస్తాలు నా సొంత కొట్లో దింపించుకుని, వీధి వర్తకుల సంఘానికి పోటీ లేకుండా అధ్యక్షుణ్ణయిన వాణ్ణి. ఈ వీధిలో దీపాలు వెలుగుతున్నాయంటే నా వల్ల. మురుగు కాలువ మీద పలకలు పడ్డాయంటే నా వల్ల. ఇన్ని చేసినవాడికి శత్రువులకేం కొదవ? అందుకే ఉదారంగా, "నా వాళ్ళలో ఒకణ్ణి తీసుకో బావా" అన్నాను.

"ప్రయత్నించాను బావగారూ. వాళ్ళకి మీరంటేనే మంట. నన్ను చూస్తే నవ్వుతున్నారు" అన్నాడు దిగులుగా.

ఇంతకీ ఆయనకి శత్రువెందుకంటే, బావ బుద్ధుణ్ణి నమ్మినవాడు. సెలూన్లో అద్దం పైన, అత్తరు సీసాల పక్కన, చిన్న బుద్ధ విగ్రహం ఉంటుంది. పొద్దున షట్టరు ఎత్తగానే దాని ముందు నాలుగు పూలు పెట్టి, బుద్ధుణ్ణీ ధమ్మాన్నీ సంఘాన్నీ శరణు వేడి, ప్రాణం తీయననీ, ఇవ్వనిది తీసుకోననీ, తప్పు నడత నడవననీ, అబద్ధమాడననీ, మత్తు ముట్టననీ మాట ఇచ్చేవాడు.

"రోజూ ఎవరికిస్తావు బావా ఈ మాట?"

"నాకే, బావగారూ."

"మరి కోరికలేం కోరతావు?"

"ఏమీ కోరను. ఆయన ఇచ్చేవాడు కాదు, దారి చెప్పినవాడు."

"ఏమీ ఇవ్వనివాడికి పూలెందుకయ్యా?"

"అవి సాయంత్రానికి వాడిపోతాయి కదా, చూసి గుర్తుపెట్టుకోవడానికి. మనమూ అంతే కదండీ!"

పొద్దున్నే గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాడికి చెప్పాల్సిన మాటేనా అది? అయినా ఎంత సంబరంగా చెప్పేవాడంటే, వింటున్నవాడు కూడా నవ్వుతూ తలూపేవాడు.

ఆ తర్వాత బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుని మైత్రి అనే ధ్యానం చేసేవాడు. మొదట "నేను సుఖంగా ఉండాలి" అనుకోవాలట. తర్వాత తనవాళ్ళు సుఖంగా ఉండాలి. తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్ళు. ఆఖరున, నాలుగో మెట్టు, శత్రువు సుఖంగా ఉండాలి. ఇక్కడ వచ్చింది చిక్కు.

"మూడు మెట్లూ చకచకా ఎక్కేస్తున్నాను బావగారూ. నాలుగో మెట్టు మీద చూస్తే ఎవరూ లేరు!"

ముందు ఇంట్లోనే అడిగి చూశాడు. మా చెల్లెలు గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "వంట నేనే, ఉతుకుడు నేనే, తువ్వాళ్ళు ఆరేసేదీ నేనే. ఇప్పుడు శత్రువు పని కూడా నా నెత్తినేనా?"

తర్వాత ఎదురు సెలూన్ ఆయన్ని అడిగాడు. కొత్తగా కొట్టు పెట్టి, గిరాకీ లేక, ఎవరితోనూ మాట్లాడకుండా ఈగలు తోలుకుంటున్న మనిషి. "నా పొట్ట కొడుతున్నదే నువ్వు! నిన్ను చూస్తే ఒళ్ళు మండుతుంది" అన్నాడతను. బావ పొంగిపోయాడు. మర్నాటి నుంచీ "మీ మొహం సరిగ్గా గుర్తుండాలి" అంటూ రోజూ వెళ్ళి అతని ఎదురుగా కూర్చునేవాడు. కూర్చున్నవాడు ఊరుకుంటాడా? అతని కత్తులు సానపట్టాడు. తన కొట్లో రద్దీ ఎక్కువైనప్పుడు నలుగుర్ని అటు పంపాడు. కొన్నాళ్ళకి చూస్తే ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని పగలబడి నవ్వుకుంటున్నారు.

"ఏం బావా, శత్రువు ఎలా ఉన్నాడు?"

"చెడిపోయాడు బావగారూ" అన్నాడు తల పట్టుకుని. "స్నేహితుడైపోయాడు."

తర్వాత ఇస్త్రీ ఆవిడ. కూతురు కాపురానికి వెళ్ళిన దగ్గర్నుంచీ ఎవరు పలకరించినా కయ్యిమనేది. సెలూన్లో కత్తిరించిన వెంట్రుకలు తన చలవ బట్టల మీదికి ఎగిరొస్తున్నాయని ఒకరోజు వీధి దద్దరిల్లేలా తిట్టింది. బావ చేతులు జోడించి, "అమ్మా, ఇదే మాట మీద ఉంటారా?" అని అడిగాడు. ఆవిడ బిత్తరపోయింది. అలా రోజూ తిట్లు తినడానికి వెళ్ళగా వెళ్ళగా, ఆవిడ సెలూన్ తువ్వాళ్ళు ఇస్త్రీ చేసి, మడత నలగకుండా తనే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది.

"ఆవిడా చెడింది" అన్నాడు బావ.

అప్పుడు వర్తక సంఘాధ్యక్షుడిగా కలగజేసుకోవడం నా బాధ్యత అనిపించింది. "బావా, అసలు సిసలు సరుకు నా దగ్గరుంది. చెడిపోయే రకం కాదు. నా పూచీ" అన్నాను.

నేను చెప్పింది తూకంగారి గురించి. సెలూన్ పై అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైరైన తూనికల ఇన్‌స్పెక్టరు. సొంత పేరు అందరూ మరిచిపోయారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ వీధిలో ఆయన చేత చీవాట్లు తినని కొట్టు లేదు. నా తక్కెడనైతే నడివీధిలోకి తెప్పించి, ముల్లు వంగిందని నలుగురి ముందు అన్నాడు. వంగింది ముల్లు కాదు, దాన్ని చూసిన ఆయన మెడ. సరే, ఆ మాట అలా ఉంచుదాం.

ఆయన స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు. లేచి నడిస్తేనే కాళ్ళకి పట్టు చిక్కుతుంది, లేకపోతే ఇక జన్మంతా మంచమే అన్నాడు డాక్టరు. ఆయన లేవలేదు. పాలు తెచ్చిన పొరుగింటావిణ్ణి, "నీ జాలి నాకొద్దు, పట్టుకుపో" అని తిప్పి పంపాడు. చెయ్యి పట్టి నడిపించబోయిన నర్సు ఏడుస్తూ మెట్లు దిగింది. గోడవైపు తిరిగి పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు.

బావ క్షవరం పెట్టె పట్టుకుని పైకి బయల్దేరాడు. వినోదం పోతుందేమోనని నేనూ వెనకాలే వెళ్ళి గుమ్మం దగ్గర ఆగాను.

"ఎవడ్రా అది? జాలి చూపించడానికొచ్చావా?" గోడవైపు నుంచే కేక.

"కాదండీ. నాకే ఒక అవసరం పడింది. మీవల్ల తప్ప కాదంటున్నారు."

గోడవైపు తిరిగిన తల నెమ్మదిగా ఇటు తిరిగింది. ఆయన దగ్గరికి అవసరమంటూ మనిషి వచ్చి ఎంత కాలమైందో! "ఏం అవసరం?"

"మీరు నాకు శత్రువుగా ఉండాలండీ."

బావ నాలుగు మెట్ల సంగతీ వివరంగా చెప్పాడు. తూకంగారు పెరిగిన గడ్డం గోక్కుంటూ విన్నాడు. "ఇదివరకు ఎవర్నైనా పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానండీ. నిలవలేదు."

"నిలవరు. ఈ రోజుల్లో ఎవడికీ పని మీద శ్రద్ధ లేదు." ఆయన మోచేతి మీద కాస్త లేచాడు. "రోజూ పొద్దున్నే రావాలి. ఆలస్యమైతే ఊరుకోను. నేను శత్రువుగా ఉన్నానంటే అందులో ఆవగింజంత తేడా ఉండదు."

ఉండలేదు కూడా. బావ రోజూ వెళ్ళి, గడ్డం గీసి, పక్కన కూర్చుని, "ఈయన సుఖంగా ఉండాలి, క్షేమంగా ఉండాలి" అని కళ్ళు మూసుకునేవాడు. ఆయన కళ్ళార్పకుండా పరీక్షగా చూసేవాడు. "నిన్నటికన్నా ఇవాళ తక్కువ తూగింది. మనసు ఎక్కడ పెట్టావ్? మళ్ళీ చెయ్యి!" బావ మళ్ళీ చేసేవాడు. పాలు కూడా తాగించాడు. "శత్రువు నీరసంగా ఉంటే నాకు ధ్యానం కుదరట్లేదండీ" అన్నాడు. "నీ ధ్యానం పాడుగాను" అని తిడుతూనే గ్లాసు ఖాళీ చేశాడాయన.

కొన్నాళ్ళకి బావ, "పడుకుని ఉన్న మనిషి మీద మనసు నిలవడం లేదండీ. మీరు కిటికీ దగ్గర నిలబడితే కింద వీధిలోంచి చూసుకుంటాను" అన్నాడు. మర్నాడు కిటికీ చువ్వలు పట్టుకుని, కాళ్ళు వణుకుతున్నా పళ్ళ బిగువున నిలబడి, తూకంగారు వీధంతా వినబడేలా అరిచాడు: "చూశావా? చూడ్డం అయిందా? త్వరగా కానీ!"

ఇలా ఉండగా, పున్నమి ముందురోజు బౌద్ధ విహారం నుంచి భిక్షువుగారు తల గొరిగించుకోవడానికి సెలూన్‌కి వచ్చారు. బావకి ధ్యానం నేర్పిన గురువు ఆయనే. సగం తల గొరగడం అయ్యాక, బావ వేడినీళ్ళకి వెనక గదిలోకి వెళ్ళాడు. నేను బల్ల మీద సర్దుకుని కూర్చుని, భిక్షువుల్ని బావ పిలిచినట్టే పిలిచాను.

"భంతే, మా బావకి శత్రువుని కుదిర్చిన మనిషిని నేనే" అన్నాను. నా ఘనకార్యం ఆయనకి తెలియకుండా పోవడమెందుకు?

ఆయన అర్థం కానట్టు చూశారు. "శత్రువెందుకు?"

"అదే, నాలుగో మెట్టుకి."

"శత్రువు లేనివాళ్ళు ఆ మెట్టు వదిలేయొచ్చు నాయనా. అందరూ సుఖంగా ఉండాలి అనుకుంటే సరిపోతుంది. మీ బావకి మొదట్లోనే చెప్పానే!"

అప్పుడే క్యారియరు తెచ్చిన మా చెల్లెలివైపు తిరిగాను. అది కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది.

"ఇప్పుడా తెలిసింది అన్నయ్యా నీకు? ఎవరైనా మొహం ముడుచుకుని, సాయం చేస్తామంటే కసిరే మనిషి కనబడితే చాలు, ఈయనకి శత్రువు అవసరం పడుతుంది. ఇస్తామంటే పుచ్చుకోనివాళ్ళు, అడిగితే కాదనరట."

బావ వేడినీళ్ళతో వచ్చాడు. నేను పట్టుకున్నాను. "అబద్ధమాడనని రోజూ మాటిచ్చుకుంటావు కదా! ఇదేమిటి?"

"అబద్ధమేముంది బావగారూ? శత్రువు లేడన్నాను, లేడు. కావాలన్నాను, కావాలి. ఎవరి కోసమని మీరెవరూ అడగలేదు."

నేనేదో అనబోతుంటే మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. టక్. చాలాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టక్. కత్తి అందుకోబోయిన బావ చెయ్యి ఆగిపోయింది. మా చెల్లెలు గోడకి ఆనుకుంది. ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి బయటికొచ్చి నిలబడింది. ఎవరూ సాయానికి కదల్లేదు. కదిలితే ఆయన అక్కడే ఆగిపోతాడని అందరికీ తెలుసు.

తూకంగారు గుమ్మంలోకి వచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. కర్ర నేలకేసి కొట్టాడు. "ఎంతసేపు చూడాలయ్యా నీకోసం? శత్రువంటే లెక్కే లేదా?"

"ఆలస్యమైంది. క్షమించండి" అన్నాడు బావ.

"క్షమించడమేమిటి? నేను నీ శత్రువుని!"

అంటూ చుట్టూ చూసిన తూకంగారి దృష్టి సగం గొరిగిన తలతో కూర్చున్న భిక్షువుగారి మీద పడింది. "ఓహో, ఇతనికి నేర్పింది మీరేనా? మంచిది, నాకో సంగతి తేల్చండి. ఈ ధ్యానానికి శత్రువు నిజంగా కావలసిందేనా? లేక ఇతను నా మీద జాలిపడి కట్టిన నాటకమా?"

భిక్షువు అబద్ధమాడరు. నిజం చెప్తే ఈ మనిషి వచ్చిన దారినే పైకెక్కి, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. భిక్షువుగారు పెదవులు విప్పబోతున్నారు. వర్తక సంఘం సభల్లో పెద్ద పెద్ద గొడవలు చల్లార్చినవాణ్ణి, ఊరుకుంటానా?

"నేను చెప్తానుండండి" అని లేచాను. "వీధి పెద్దగా చెప్తున్నాను. మా బావ ఎంతమందిని అడిగాడో ఈ వీధంతటికీ తెలుసు. ఒక్కరూ పట్టుమని నిలవలేదు. పొద్దున్నే లేచి మీరు కిటికీలో కనిపించారా లేదా అని చూసుకునిగానీ ఈయన కత్తి పట్టడు. ఇందులో ఒక్క మాట అబద్ధమైతే, ఇదుగో, భంతేగారే కాదంటారు."

తూకంగారు భిక్షువుగారివైపు చూశాడు. ఆయన చక్కగా నవ్వి, "కాదనాల్సిన మాట ఒక్కటీ లేదు" అన్నారు.

తూకంగారు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను కళ్ళు దించలేదు. ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు, బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. మోకాళ్ళు వణుకుతుంటే వాటిమీద అరచేతులు ఆనించుకున్నాడు.

"అలా చెప్పండి" అన్నాడు. వీధివైపు చూస్తూ, గొంతు తగ్గించి, "మీకూ ఏమన్నా అవసరముంటే చెప్పండి. సాయంత్రాలు నాకు ఖాళీయే" అన్నాడు.

నాకు శత్రువులు వీధి నిండా ఉన్నారండీ అనబోయాను. అనలేదు. ఐదింటికైతే వీలవుతుందా అని అడిగాను.