సున్నం బొట్టు పెట్టిన గరిటెలు

మా మేనమామ పోయాడన్న కబురు నాకు ఆత్మకూరులో బస్సులు ఆగే చోట తెలిసింది. ఉదయగిరి బస్సు కండక్టరు నన్ను చూసి, "అయివారూ, మీ మామ, గరిటెలాయన, తెల్లారి పోయినాడంట. మీకు చెప్పమన్నారు" అన్నాడు. అదే బస్సు తిరిగి వెళ్తుంటే ఎక్కి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. ఎందుకో చెప్పకుండా ఆయన మంచితనం గురించి నాలుగు ముక్కలు రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది.

మామ ఉదయగిరిలో కొండ చెక్కతో గరిటెలు చేసి, కావడిలో పెట్టుకుని సంతలకు తిరిగి అమ్మేవాడు. సంతకు బయలుదేరే ముందు ప్రతి గరిటెనూ వెలుతురుకెత్తి తిప్పి చూసేవాడు. ముడి ఉన్నా, సన్నటి చీలిక ఉన్నా అక్కడ వేలితో సున్నం బొట్టు పెట్టేవాడు. "అమ్మా, ఇది ఈడ ఏడాదికి చీలతాది. తెలిసి తీసుకో" అని కొనేవాళ్లు అడక్కముందే చెప్పేవాడు. "సరుకు నోరు తెరిచి చెప్పలేదు కదరా, మనం చెప్పాల" అనేవాడు నాతో. నచ్చనిది ఏదైనా ఆయనకు ఒక్కటే మాట, "ఛీ". ఉప్పెక్కువైన ఊరగాయకూ అదే, పిల్లల్ని కొట్టే తండ్రికీ అదే. నా పెళ్లి భోజనానికి కూడా అదే అని, రెండోసారి చారు పోయించుకున్నాడు.

ఆ వీధిలోనే దువ్వెనలమ్మే ఇంకో వ్యాపారి ఉండేవాడు. అందరూ దువ్వెనల పెద్దాయన అనేవారు. ఆయనా గరిటెలు పెట్టుకున్నాక ఇద్దరికీ చెడింది. పెద్దాయన చీలికల్లో మైనం పూసి అమ్మేవాడు. "నీ బొట్ల వల్ల నా సరుకు కూడా జనం తిప్పి తిప్పి చూస్తా ఉండారు" అని సంతలోనే మామ మీద అరిచేవాడు. మామ "ఛీ" అనేవాడు. అంత తగాదాలోనూ ఒకరికి జ్వరమొస్తే రెండోవారు రెండు సరుకులూ మోసుకెళ్లేవారు. ఒక వానాకాలం వాగు దాటుతుంటే పెద్దాయన కావడి జారి నీళ్లలో కొట్టుకుపోయింది. వెనకే ఉన్న మామ పట్టుకోబోయాడు. అందలేదు. గట్టు మీద నిలబడ్డవాళ్లకు ఆ చెయ్యి తోసినట్టు కనిపించిందట. ఊళ్లో ఆ మాట పుట్టింది. పెద్దాయన మాత్రం దాన్ని చెవిన వేసుకోలేదు.

ఆ ఏడే ఆత్మకూరులో డేరా సినిమా వేశారు. నేను అక్కడ బడిపంతుల్ని, రాత బాగుంటుంది. ఆట మధ్యలో చూసినవాళ్ల అభిప్రాయాలు అడిగి, మర్నాడు డేరా ముందున్న నల్లబోర్డు మీద పేరు పేరునా రాయడం నా పని. దానికి నాకు నేల మీద కాకుండా కుర్చీలో ఉచితంగా చోటిచ్చేవారు. ఆ కుర్చీ అంటే నాకు ఎంత గర్వమో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ వారం వచ్చింది తాతల కాలం నాటి హాస్యకథ. సంతలో ఇద్దరు అమ్మకందార్లు తలపాగాలు పెట్టుకుని ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటారు. చివరికి ఒకడు రెండోవాడి సరుకంతా బావిలో పారేస్తాడు. వాడు గట్టు పట్టుకుని ఏడుస్తుంటే, పక్కన వాడి గాడిద ఓండ్రపెడుతుంటే డేరా అంతా నవ్వు. నేనూ నవ్వాను. విరామంలో అభిప్రాయాలు అడిగాను. మంగలాయన "పొట్ట చెక్కలయింది" అన్నాడు. బట్టల కొట్టాయన "ఆ ఏడ్చేది ఇంకొంచెం సేపు ఉండాల్సింది" అన్నాడు. ఒక అవ్వ "గాడిద బాగా చేసినాది నాయనా, మిగతావోళ్లు ఎందుకు?" అంది. ఆ రోజు విన్నవాటిలో తెలివైన మాట అదొక్కటే.

సంతకొచ్చి నాతోపాటు ఆటకు వచ్చిన మామ నేల మీద కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "ఛీ. ఒకడి కూడు బావిలో ఏస్తే మీకు నవ్వెట్టా వస్తాదిరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్ని చూసి కూడా నవ్వారు. ఆయన సగంలోనే వెళ్లిపోయాడు.

ఆ మాట విని డేరా యజమాని, "అదెట్టా రాస్తారు అయివారూ? ఆయన్ని సంతంతా ఎరుగుదురు. నవ్వినాడని రాయండి, జనం విరగబడతారు" అన్నాడు. నేను కుర్చీ వైపు చూశాను. రాశాను. "ఉదయగిరి గరిటెల వ్యాపారి: సరుకు బావిలో పడే చోట కడుపుబ్బ నవ్వాను."

మర్నాడు ఆ బోర్డు ముందు ఆగినవాళ్లలో దువ్వెనల పెద్దాయన ఉన్నాడు. ఎవరో చదివి వినిపించారు. ఆయన కావడి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడట. ఆ తర్వాత మామ ఇంటి గడప తొక్కలేదు. మామ వెళ్తే తలుపు తీయలేదు.

మామ బడికొచ్చి తరగతి బయట నిలబడ్డాడు. చదువురాని మనిషి, సంతలో ఎవరో చెబితే తెలిసింది. "లేని నవ్వు నా నోట్లో పెట్టినావు. తుడిస్తే పోదురా అది. నువ్వే పోయి ఆయనకు చెప్పు" అన్నాడు. బోర్డు తుడిచాను. ఉదయగిరి మాత్రం వెళ్లలేదు. మామ ఎప్పుడు వచ్చినా, "చెప్పినావా?" అని ఒకసారి అడిగేవాడు. "వచ్చే ఆదివారం పోతా మామా" అనేవాణ్ని. ఆదివారాలకు కొదవా? నాలుగేళ్లు గడిచాయి. కిందటి నెల వచ్చినప్పుడు ఆయన ఆ మాట అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను క్షమించుకోలేను.

బస్సు దిగి ముందు పెద్దాయన ఇంటికే వెళ్లాను. శవం ఉన్న ఇంటికి వెళ్లడానికి ఆయన కండువా భుజాన వేసుకుంటున్నాడు. గడప బయటే నిలబడి అంతా చెప్పాను.

"వాగులో ఆ చెయ్యి నా కావడి పట్టుకోను వచ్చిందని నాకు తెలుసు. ఎవరేమన్నా నమ్మలా. నీ బోర్డుతోనే అనుమానం పుట్టినాది. నాలుగేళ్లు ఆయన మొహం చూడలేదయ్యా నేను." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, "ఛీ" అన్నాడు.

అచ్చం మామ అన్నట్టే ఉంది.

దహనం అయ్యాక మామ వరండాలో అమ్ముడుపోని గరిటెల కుప్ప ఉంది. పక్కన సున్నపు డబ్బా. పెద్దాయన తడిబట్టలతోనే వచ్చి కుప్ప ముందు కూర్చున్నాడు. "ఈ వారం సంతకు ఇయన్నీ నేను తీసకపోతా" అని మా అత్తతో అన్నాడు. ఒక గరిటె తీసి వెలుతురుకెత్తి తిప్పాడు. కాడ మొదట్లో ముడి కనిపించింది. వేలు సున్నంలో ముంచి అక్కడ బొట్టు పెట్టాడు. ఇంకోటి తీశాడు. సాయం చేద్దామని నేనూ ఒక గరిటె మీద చెయ్యి వేశాను.

"నువ్వు ముట్టుకోబాక" అన్నాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన వేలు మళ్లీ సున్నం డబ్బాలోకి వెళ్లింది.