పొట్టేలును కోయకుండా ఆగిన పల్లె

మా సంఘం నన్ను ఒంటరిగా పంపిన మొదటి ప్రయాణం ఇది. ఇలాంటి పని మీద మార్కాపురం వైపు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. సంఘం గిద్దలూరులో ఉంది. హిందువులు, ముసల్మానులు, మా క్రైస్తవులు అందరూ సభ్యులే. పల్లెల్లో తగాదాలు ముదిరినచోటికి వెళ్లి మనుషులను మళ్లీ ఒకచోట కూర్చోబెట్టడం దాని పని. పెద్దారవీడు దాటాక కొండ కింద ఒక పల్లె ఉంది. రెండేళ్ల కిందట గొర్రెల కాపరి గురవయ్య మంద మా వాళ్ల సమాధులను తొక్కింది. క్రైస్తవుల పెద్ద యోహాను సమాధుల తోట చుట్టూ ముళ్లకంప వేయించాడు. మడుగుకు పోయే దారి కూడా ఆ కంపలో మూసుకుపోయింది. అప్పటినుంచి మందలు నీళ్లకోసం రెండు మైళ్లు చుట్టు తిరుగుతున్నాయి. గురవయ్య వాళ్లు తమ జొన్న కోతలకు యోహాను వాళ్లను పిలవడం మానేశారు. ఇటు నీళ్లు పోయాయి, అటు కూలి పోయింది.

అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనం పెట్టాలని మా కార్యదర్శిగారికి కోరిక. పల్లె పెద్దలు ఒప్పుకోలేదు. ఎవరి పొయ్యి మీద వాళ్లే వండుకుంటామన్నారు. గురవయ్య ఒక పొట్టేలును ఇస్తాడు, మాంసం పోగులు వేసి అన్ని ఇళ్లకూ పంచుకుంటారు, ఆ రోజే యోహాను దారి మీది కంప తీయిస్తాడు. ఇదీ ఒప్పందం. నాకు మొదట ఇది చిన్న విషయంగా తోచింది. కానీ మా వైపు పల్లెల్లో పదిమంది పంచుకునే పొట్టేలును ముల్లా చేతనే కోయిస్తారు. వేరేవాళ్లు కోస్తే ముసల్మానులు తినరు, ఆయన కోస్తే ఎవరూ పోగు లేకుండా పోరు. ఆ పల్లెకు వచ్చే ముల్లా జ్వరంతో పడుకున్నాడు. అందుకని కంభం నుంచి ఖాసిం తాతను తీసుకుపోయే పని నాకు అప్పగించారు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. మా నాయన నవ్వి, "ముల్లాను బండెక్కించేదానికేనా నిన్ను ఇంత చదివించింది?" అన్నాడు.

తెల్లవారుజామున అయిదు గంటల రైలు ఎక్కాను. గిద్దలూరు నుంచి మార్కాపురం రోడ్డు స్టేషనుకు మూడో తరగతి టికెట్టు పన్నెండణాలు దాటుతుంది. కంభంలో తాత ఎక్కాడు. చేతిలో చిన్న గుడ్డ మూట, దానిలో కత్తి. తొమ్మిది గంటలకు పల్లెలో ఉంటామని నేను ముందే ఉత్తరం రాసి పంపాను. ఆ మాట చెబితే తాత నా వైపు వింతగా చూశాడు.

"తొమ్మిదా? ఎవరు చెప్పినారు బిడ్డా?"

"నేనే లెక్క వేశాను తాతా."

"మంచిది. ఎద్దులకు కూడా చెప్పినావా?"

ఏడున్నరకు మార్కాపురం రోడ్డులో దిగాం. అక్కడినుంచి ఊళ్లోకి జట్కాలో మనిషికి రెండణాలు. ఊరు చేరగానే తాత కత్తి అంచు మీద బొటనవేలు ఆనించి చూసి, సాన పట్టించందే కదలనన్నాడు. పలకలు కోసే కార్ఖానా దగ్గర సాన పట్టే మనిషి ఉంటే అక్కడికి వెళ్లాం. అతని ముందు పలకల రంపాలు వరసగా ఉన్నాయి. ముప్పావు గంట పోయింది. నేను మూడుసార్లు పొద్దు వైపు చూశాను.

"మొండి కత్తితో మూగజీవాన్ని బాధ పెట్టేది మా దాంట్లో తప్పమ్మా. నీ తొమ్మిది గంటల కోసం ఆ తప్పు చేయలేను" అన్నాడు తాత.

రానూ పోనూ రూపాయింబావుకు చెంచయ్య అనే ఆయన బండి కుదిరింది. ఏడెనిమిది మైళ్లే కదా అని నేను జట్కా నడకతో లెక్క వేసుకున్నాను. జట్కాలు ఆ దారిన పోవు. నడుమ నీళ్లెండిన వంకలో ఇసుక ఉంది. చక్రాలు సగం దాకా దిగబడితే ముగ్గురం దిగి తోశాం. తాత కత్తి మూటను నడుముకు కట్టుకుని, గెడ్డం ఎగరేస్తూ, నాకంటే గట్టిగానే తోశాడు.

"చెంచయ్య మామా, ఇంకెంత దూరం?" అని అడిగితే, "ఎంత దూరమైతే ఏంది, దిగి నడిచినా నువ్వు ముందు పోలేవులే" అన్నాడు.

ఎండ నడినెత్తికి వస్తున్నకొద్దీ నాకు దిగులు పెరిగింది. ఆ రోజు కూలి వదులుకుని జనం కూర్చుని ఉంటారు, పిల్లలు ఆకలికి ఏడుస్తుంటారు. ఎవరో ఒకరు విసిగి పొట్టేలును కోసేసి ఉంటారు. అప్పుడు మస్తానమ్మ ఇంటికి పోగు ఉండదు. ఆమె దూది ఏకి బొంతలు కుట్టే ముసల్మాను విధవరాలు. రెండు వైపుల ఇళ్లలోకీ పోగలిగింది ఆమె ఒక్కతే. రెండేళ్లుగా ఇటు మాట అటు మోసి, ఈ ఒప్పందాన్ని ఇక్కడిదాకా తెచ్చింది ఆమే. ఆమెను పక్కనపెట్టి పంచుకున్న మాంసంతో ఆ కంప కదలదు. నా తప్పుడు లెక్క వల్ల అంతా చెడిపోయిందనే అనుకున్నాను.

పల్లె కనబడేసరికి పన్నెండు దాటింది. ఒక్క ఇంటి మీదా పొగ లేదు. బండి ఆగకముందే రెండు గొంతులు నా మీద పడ్డాయి.

"ఏందమ్మా పంతులమ్మా! మీ గిద్దలూరులో తొమ్మిది అంటే ఇదేనా?" గురవయ్య.

"నువ్వు ఇంకాసేపు రాకపోతే ఈ గురవయ్య మామ ఆ పొట్టేలు మేతను కూడా తినేసేవాడు!" యోహాను.

"తినేవాణ్ణే! నువ్వు మిగిలిస్తే కదా!"

పొట్టేలు వాళ్లిద్దరి నడుమ గుంజకు కట్టి ఉంది, ప్రాణాలతో. నేను బండి దిగాను. నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. మస్తానమ్మ నాకు చెంబుతో నీళ్లిచ్చి పొద్దుటినుంచి జరిగింది చెప్పింది.

"పొద్దున ఇద్దరూ ఒకరికొకరు వీపు తిప్పుకోని కూర్చున్న్యారు తల్లీ. పొద్దెక్కినాక కుర్రోళ్లు కోసేద్దాం అన్న్యారు. వీళ్లిద్దరూ ఒక్కసారే లేచినారు. మస్తానమ్మకు పోగు లేకుండా కోసేదేందిరా అని గురవయ్య, కత్తి కింద పెట్టరా అని యోహాను. రెండేండ్లకు ఒక మాట మీద నిలబడింది అప్పుడే. ఆ తర్వాత ఎండకు పొట్టేలు నాలుక బయట పెట్టింది. కోసే జీవానికి నీళ్లు తాపకుండా ఎట్ల అని గురవయ్య లేచినాడు. చుట్టు తిరిగి పోవల్లంటే రెండు మైళ్లు. యోహానూ లేచినాడు. పోయి కంప పక్కకు లాగినాడు."

ఆమె చూపించిన వైపు చూశాను. సమాధులను ఒరుసుకుంటూ పోయే ఆ దారి తెరిచి ఉంది. దాని మీద పొట్టేలు గిట్టల గుర్తులు, వాటికి అటూ ఇటూ ఇద్దరి అడుగులు. యోహాను అరచేతులు ముళ్లకు గీరుకుపోయి ఉన్నాయి.

ఖాసిం తాత పొట్టేలు మెడ నిమిరి, "నీళ్లు తాగించినారా?" అని మాత్రం అడిగి పనిలోకి దిగాడు. పోగులు ఈతచాప మీద వేశారు. పెద్ద పోగు ఎవరికి వెళ్లిందనే దాని మీద మళ్లీ వాదులాడుకున్నారు, అయితే ఈసారి నవ్వుతూ. మూడు గంటలకు యోహాను ఇంట్లో నాకు జొన్న సంకటి, మాంసం పెట్టారు. అటు గురవయ్య ఇంటి మీద, మస్తానమ్మ గుడిసె మీద కూడా పొగ లేస్తోంది. మా కార్యదర్శిగారు రాసిచ్చిన ఒప్పంద పత్రం చదివి వినిపిస్తే, "కంప తీసేసినాం కదా, ఇంకా చదివేదేంది" అంటూనే వేలిముద్రలు వేశారు.

సంఘానికి నివేదిక రాసేటప్పుడు 'మేము వారిని కలిపితిమి' అనే వాక్యం దగ్గర నా కలం ఆగింది. మేము చేసింది ఆలస్యం. ఆ ఆలస్యంలో, ఆకలితో, ఒక పేదరాలి పోగు కోసం ఆగింది వాళ్లు. ఒక బంతిలో కూర్చోకపోతే కలవనట్టేనని అనుకుని బయలుదేరిన నేను, ఒకరి వాటా లేకుండా మొదలుపెట్టని మనుషులను చూసి వచ్చాను. మనసు తేలికపడింది, కొంచెం సిగ్గుగానూ ఉంది. ఆ సంగతి ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ముందు రోజు సాయంత్రమే మార్కాపురం చేరి, బండి కుదుర్చుకుని, తెల్లవారకముందే వంక దాటండి. మీరు రాకపోతే వాళ్లు మొదలుపెట్టేస్తారేమోనని కాదు. మీరు వచ్చేదాకా తినకుండా కూర్చుంటారు.